సూది చెప్పిన మాట: అరకు ఘాట్ మీద పాత కారులో ప్రయాణం

విశాఖపట్నం నుండి అరకులోయకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట వరకు దారి చదునుగానే ఉంటుంది. కోట దాటిన కొద్దిసేపటికి ఎదుట కొండలు అడ్డుగోడవలె నిలబడతాయి. అక్కడి నుండి టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ మీదుగా మలుపుల వెంట మలుపులు. దారి సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైగా ఎక్కి, మరల 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయలోకి దిగుతుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది ఈ ప్రాంతం. సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగెలు, వాటి నీడన కాఫీ మొక్కలు, ఎదుటి కొండ సొరంగంలోనుండి బయటికి వచ్చే రైలు, గోస్థనీ నది పక్కన బొర్రా గుహలు, ఇవన్నీ చూడదగినవే.

బస్సులోనో రైలులోనో పోయేవారికి ఈ దారి కనులకు విందు. పాత కారులో పోయేవారికి మాత్రం ఒక పరీక్ష. ఎందుకంటే ఘాట్ ఎక్కేటప్పుడు బండి రెండవ గేరులో నెమ్మదిగా నడుస్తుంది. ఇంజనుకు పని ఎక్కువ, రేడియేటరుకు తగిలే గాలి తక్కువ. దీనికి తోడు ఎత్తుకు పోయినకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. సముద్రతీరాన 100 డిగ్రీల వద్ద మరిగే నీరు 1,000 మీటర్ల ఎత్తున దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచి ఈ మరుగును ఆపుతుంది. మూత రబ్బరు చీలితే ఆ రక్షణ పోతుంది. అందుకే పల్లంలో ఏ తొందరా పెట్టని బండి కొండమీద పొగలు కక్కుతుంది.

గడచిన చలికాలంలో అరకు సమీప గ్రామంలో ఒక వివాహానికి వెళ్ళవలసి వచ్చింది. పెండ్లికుమార్తె మేనమామ తన కారులో నన్నుకూడా ఎక్కించుకున్నాడు. 1997 మోడల్ మారుతీ 800 అది. వెనుక సీటులో అతని భార్య, అత్తగారు, చిన్న కుమారుడు. ఆ అమ్మగారి ఒడిలో పెండ్లి చీర, తాళిబొట్టు ఉన్న సంచి. ముహూర్తం పదకొండు గంటలకు.

టైడా దాటిన తరువాత ఒక గతుకులో బండి కుదిపింది. వెంటనే అతడు, “అయ్యగారూ, సూది చూడండి” అన్నాడు. సగం దగ్గర ఉండవలసిన టెంపరేచర్ సూది ఎర్ర గీత మీద ఉన్నది. బండిని వెడల్పైన చోట ఆపి, చక్రాల వెనుక రాళ్ళు పెట్టాము. వెనక్కి దిగిపోదామంటే పెండ్లి ఆగిపోతుంది. ముందుకు పోదామంటే ఇంజను కాలిపోవచ్చు. హెడ్డు వంగితే దాని ఖర్చు ఆ కుటుంబానికి రెండు నెలల జీతం.

అంతలో పైనుండి దిగివస్తున్న జీపు ఒకటి ఆగింది. ఆ డ్రైవరు ఏళ్ళ తరబడి ఆ దారిలో తిరుగుతున్న పెద్దమనిషి. అతడు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. “సూది గెంతిందా, పాకిందా?”

“ఒక్కసారిగా గెంతింది” అన్నాడు మా వాడు.

“అయితే అది వేడి కాకపోవచ్చు బాబూ. వేడి నెమ్మదిగా పాకుతాది. కరెంటు గెంతుతాది” అన్నాడతడు.

తరువాత అతడు బానెట్ ఎత్తి వరుసగా చూశాడు. ఆవిరి లేదు. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు గీత దగ్గరే ఉన్నవి, బుడగలు లేవు. రేడియేటరు ఫ్యాను కాసేపు తిరిగి ఆగుతున్నది. ఈ పాత కార్లలో ఫ్యానును నడిపించే స్విచ్చు వేరు, సూదికి కబురు పంపే సెన్సారు వేరు. కనుక ఫ్యాను రెండవ సాక్షి వంటిది. ఒక్క సాక్షి మాట మీద తీర్పు తీర్చకూడదనే నియమం బండికి కూడా వర్తిస్తుంది.

ప్రియ చదువరులారా, ఈ సెన్సారు పనిచేసే విధానం చాలా సులువైనది. ఇంజనులో నీళ్ళు తిరిగే చోట బిగించిన ఇత్తడి మర వంటి వస్తువు అది. దానికి ఒకే తీగె ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దానిలో కరెంటుకు అడ్డు తగ్గుతుంది, సూది పైకి లేస్తుంది. కాబట్టి తీగెను సెన్సారు నుండి ఊడదీస్తే సూది కిందికి పడిపోవాలి. అదే తీగెను ఒక్క క్షణం ఇంజను లోహానికి తాకిస్తే సూది ఎర్ర గీతకు పోవాలి. ఈ రెండూ జరిగితే సూదీ తీగె బాగున్నట్టు, సందేహించవలసినది సెన్సారును, లేదా నిజమైన వేడిని. తీగె ఊడదీసినా సూది ఎర్ర గీత మీదనే నిలిస్తే తీగె ఎక్కడో ఒరుసుకొని లోహానికి తగులుతున్నట్టు. అయితే కంప్యూటరు ఉన్న కొత్త బండ్లలో ఈ తాకించే పరీక్ష చేయరాదు.

జీపు డ్రైవరు తీగె ఊడదీశాడు. సూది కదలలేదు. తీగె వెంబడి వేలు పోనిచ్చి చూస్తే ఒక రేకు అంచు దగ్గర పైతొడుగు అరిగి రాగి కనిపించింది. నల్ల టేపు చుట్టి తీగెను పక్కకు కట్టాడు. సూది సగానికి వచ్చింది. డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మేము గాలికొండ దాటి పదకొండుకు పది నిమిషాల ముందే పెండ్లి పందిట్లో దిగాము.

మరునాటి తిరుగు ప్రయాణంలో ఘాట్ సుఖంగానే దిగాము. దిగుడులో సూది కొంచెం తగ్గడం సహజమే, ఇంజనుకు అప్పుడు పని ఉండదు. కొత్తవలస సమీపంలో చదును రోడ్డు మీద, ఎండలో, లారీల వెనుక నిలిచి నిలిచి పోతున్నాము. సూది సగం నుండి అడుగుకు జారింది. “చూశారా, చల్లగా ఉన్నది” అని మా వాడు సంతోషించాడు. వెనుకనుండి అమ్మగారు, “పాకం మాడినట్టు తీపి వాసన వస్తోంది నాయనా” అన్నారు. వెంటనే ఆపించాము.

రేడియేటరు గొట్టం క్లిప్పు వదులై నీళ్ళు సగానికి పైగా కారిపోయినవి. సెన్సారు నీటిలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్ళు కిందికి దిగి అది ఖాళీలో మిగిలితే, పక్కన ఇంజను కాలుతున్నా సూది చల్లగా ఉన్నదని చెబుతుంది. ఫ్యాను స్విచ్చు కూడా అట్లే మోసపోతుంది. రెండు సాక్షులూ ఒకేసారి తప్పిపోయినప్పుడు ఆ అమ్మగారి ముక్కే మమ్మును కాపాడింది. కొండమీద భయపెట్టిన సూదిని అందరమూ అనుమానించాము. ఊరట పలికిన సూదిని అనుమానించినది ఆమె ఒక్కరే.

ఇంజను ఆపి ముప్పావు గంట చెట్టు కింద కూర్చున్నాము. వేడి మీద మూత తీస్తే మరుగు నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే లోహం పగులుతుంది. చల్లారిన తరువాత క్లిప్పు బిగించి, నీళ్ళు కొద్దికొద్దిగా నింపి, దగ్గరలోని మెకానిక్కు చూపించాము. అతడు సెన్సారును విప్పి, పాత డబ్బాలో మరుగు నీళ్ళలో వేలాడదీసి మీటరు పెట్టాడు. వేడెక్కేకొద్దీ అంకె తగ్గింది. “సెన్సారు మంచిదేనండి, దాని తప్పేమీ లేదు” అన్నాడు.

పాత బండిలో ఘాట్ ఎక్కబోయే కుటుంబాలు ఈ సంగతులు గుర్తుంచుకొనుట మేలు. తెల్లవారే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి నీళ్ళు చూడండి. మూత రబ్బరు, గొట్టాల క్లిప్పులు చేతితో తడమండి. పైగొట్టం కాలుతూ కిందిగొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. బండి ఎంత నడిచినా సూది సగానికి రాకపోతే అది తెరుచుకొని ఉండిపోయి ఉండవచ్చు. పెట్రోలు సూదీ వేడి సూదీ రెండూ కలిసి తప్పు చూపిస్తే సెన్సారును మార్చకుండా ముందు ఎర్తు తీగెను చూపించండి. సెన్సారు మరకు టేపు మందంగా చుట్టనీయకండి, దాని ఎర్తు ఇంజను నుండే అందుతుంది. కూలెంటు తియ్యగా ఉండే విషం, పిల్లలకూ పశువులకూ అందనీయకండి. బండిలో అయిదు లీటర్ల నీళ్ళు, రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవరు, ఒక నల్ల టేపు చుట్ట ఉంచుకోండి. వెనుక సీటులో కూర్చున్నవారు వాసన వస్తున్నదని చెబితే సూది వైపు చూడకుండా ముందు బండి ఆపండి.