అడవి అంచున ఓ స్టాఫు రూము

'టీమ్ కల్చర్' అన్న మాట మన ఫీల్డులో అరిగిపోయింది. హెచ్చార్ వాళ్ళు నెలకోసారి పిజ్జాలు తెప్పించి దానికా పేరు పెడతారు. నన్నడిగితే కల్చర్ ఉందో లేదో తెలిసేది రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయినప్పుడే... "అది నా మాడ్యూల్ కాదు" అనేవాళ్ళు ఎంతమంది అన్నదాన్ని బట్టి.

మాది ఖమ్మం. ఇంటర్ దాకా నాతో చదివిన కోయ మిత్రుడొకడు దుమ్ముగూడెం వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్తున్నాడు. మొన్న డిసెంబరులో వాడి దగ్గర రెండ్రోజులున్నా. వాళ్ళ స్టాఫు రూములో మేకుకి దారం కట్టి వేలాడదీసిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో మార్కులుండవు. "ఆరో తరగతి పిల్ల రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదు" లాంటివి ఉంటాయి. ఒక కుర్రాడు బోర్డు మీద లెక్కలు తప్పుగా దించుకుంటున్నాడని మావాడు రాశాడు. దాని కిందే పీఈటీ సార్, వాడికి దూరం నుంచి వచ్చే బంతి కూడా కనపడట్లేదని రాశాడు. రెండూ చదివిన తెలుగు టీచరు వాణ్ణి భద్రాచలం తీసుకెళ్ళి కళ్ళజోడు పెట్టించింది. వాడు మొద్దని అప్పటికే తేల్చేశారట పాపం.

"ఇది మీ బగ్ ట్రాకర్ అన్నమాట" అన్నా.
"ఏమోరా, మర్చిపోకుండా ఉంటుందని పెట్టాడు పాత హెడ్మాస్టరు. ఆయన ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయాడు, ఇది ఉండిపోయింది" అన్నాడు.

ఈ పుస్తకంలో వంటావిడ మాటలు కూడా ఉంటాయి. ఆవిడకి రాయడం రాదు, ఎవరో ఒకరు రాసిపెడతారు. ఇంటి దగ్గర కోయ తప్ప వేరే మాట వినని పిల్లలు బెంగ పెట్టుకుంటే ముందు తెలిసేది ఆవిడకే. కోయలో నీళ్ళని 'ఏరు' అంటారు. మనకి ఏరంటే వాగు! తెలుగు వాచకం అలాంటి పిల్లకి ఎంత కొత్తో ఆలోచించండి. 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బళ్ళు మొదలుపెట్టింది అందుకే.

గురుకులాలదీ ఇలాంటి పద్ధతే. పీవీ హయాంలో 1971లో సర్వేలులో మొదలైనప్పటినుంచీ అసలు సూత్రం టీచర్లు పిల్లలతోపాటే ఉండటం. 2014 మే 25న మాలావత్ పూర్ణతో ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది ఈ చర్ల వైపే. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాడు. పేపర్లలో ఇద్దరి ఫొటోలు, ప్రవీణ్ కుమార్ గారి పేరు, కోచ్ శేఖర్ బాబు పేరు వచ్చాయి. రావాల్సిందే. కానీ భువనగిరి గుట్ట, డార్జిలింగు, లదాఖ్ అంటూ తిరిగే పిల్లాడికి పోయిన పాఠాలు మళ్ళీ చెప్పేవాళ్ళు బళ్ళో లేకపోతే అది జరిగే పనేనా?

అసలు చిక్కు వేరే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో నంబర్ 3 ఇచ్చారు. టీచర్లు బడికి రాకపోవడం అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదంది. సరే, లా మనకి తెలీదు. కానీ జావా రానివాణ్ణి జావా ఉద్యోగానికి ఇంటర్వ్యూకే పిలవం కదా. కోయ పిల్లలకి చెప్పే ఉద్యోగానికి "కోయ వచ్చా?" అని అడగడానికేం అడ్డం? అది రిజర్వేషన్ కూడా కాదు, అర్హత.

మావాడు సీఆర్టీ, అంటే కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్. ఏటేటా రెన్యువల్. వచ్చే జూన్‌లో వాడి ప్లేస్‌లో ఎవరొస్తారో వాడికే తెలీదు.