కోటలో ఒక ఆదివారం

మొన్న ఒక ఆదివారంనాడు మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోట చూడబోయాను. 1639లో దామెర్ల నాయకుల అనుమతి పొంది ఇంగ్లీషు వర్తకులు కట్టుకొన్న కోట అది. 1680 నాటి సెయింట్ మేరీ చర్చి నేటికీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నది. 1744లో క్లైవు ఇక్కడికి కంపెనీ గుమాస్తాగానే వచ్చాడు. 'నా కులంవాడే!' అని నవ్వుకొన్నాను.

మనం సెలవుచీటీలో రాసే 'అవుట్ ఆఫ్ స్టేషన్' అన్న మాట ఆ దొరల కాలపుదే. దొర కొలువున్న ఊరు స్టేషను. ఊరు దాటితే అవుట్ ఆఫ్ స్టేషన్. దొరలు పోయారు, మాట మనకు మిగిలింది. మన దేశంలో అందరికీ తెలిసే మాట గనుక దాన్ని తప్పనను.

తప్పంటే నేను చేసినది. కొలువులో చేరిన కొత్తలో తోటి గుమాస్తాగారి తండ్రి పోతే, ఆయన తరఫున సెలవుచీటీ నేను రాశాను. జాతీయాల పుస్తకం బట్టీపట్టిన రోజులవి. 'కిక్ ద బకెట్' అంటే మరణించుట అని అందులో ఉన్నది; అదే రాశాను. పై అధికారి చదివి ఆయన ఎదుటనే పకపక నవ్వాడు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది.

అర్థం సరియైనదే; సమయం కాదు. మనలోనూ 'బాల్చీ తన్నేశాడు' అంటారు. శోకంలో ఉన్న ఇంట 'కాలం చేశారు' అంటాముగాని ఆ మాట అంటామా?

మావాడికి వచ్చే వారం ఇంటర్వ్యూ. జేబులో అటువంటి పుస్తకమే ఉన్నది. "మామయ్యా, 'ఐ హావ్ ఎ డౌట్' అనవచ్చునా?" అన్నాడు.

"మనకు సందేహమంటే అడగవలసిన ప్రశ్న. ఇంగ్లీషువాడికి డౌటంటే అపనమ్మకం. 'క్వశ్చన్' అను, చాలు."

1817లో మద్రాసు చేరిన బ్రౌను దొర, పండితులను దగ్గర ఉంచుకొని మన మాటలు సేకరించాడు. ఆయన నిఘంటువు 1852లో ఈ ఊళ్ళోనే అచ్చయింది. ఏ మాట ఎవరితో ఎప్పుడు అనాలో మనుషుల నోట వినవలసిందే.

బయటకు వస్తూ, "ఆయనను క్షమించమని అడిగారా?" అన్నాడు వాడు.

ఆయన విశ్రాంతి తీసుకొని పెరంబూరులో ఉంటున్నారు. పండుగలకు కలుస్తూనే ఉన్నాను, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

"ఈసారి అడుగుతానురా," అన్నాను, "తెలుగులోనే."