కౌస్ కోట మీది జెండాలు

ఇంగ్లండుకు దక్షిణంగా, సాలెంట్ అనే సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున వైట్ ద్వీపం ఉంది. సౌతాంప్టన్ రేవులో పడవ ఎక్కితే సుమారు అరగంటలో ఆ ద్వీపంలోని కౌస్ పట్నంలో దిగవచ్చు. ఊరు చిన్నది. మెడీనా నది దానిని రెండుగా చీల్చి సముద్రంలో కలుస్తుంది. పడమటి గట్టున, నీళ్ళను ఆనుకొని ఒక కోట కనబడుతుంది. కోట అనగానే మన గోల్కొండను ఊహించుకోకండి. ఇది గోల్కొండలో ఒక మూలకు సరిపోతుంది. ఫ్రెంచివారు దండెత్తి వస్తారన్న భయంతో 1539లో ఎనిమిదవ హెన్రీ దీనిని కట్టించాడు.

ఇప్పుడక్కడ సైనికులు లేరు. 1858 నుంచి అది రాయల్ యాట్ స్క్వాడ్రన్ అనే క్లబ్బుకు నిలయం. యాట్ అంటే సరుకులు మోసే ఓడ కాదు. షికారుకూ పందేలకూ వాడే తెరచాప పడవ. 1815 జూన్ 1న, అంటే వాటర్లూ యుద్ధానికి సరిగ్గా పదిహేడు రోజుల ముందు, సొంత పడవలున్న 42 మంది పెద్దమనుషులు లండన్‌లో ఒక పానశాలలో సమావేశమై ఈ క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యుడుగా ఉన్న యువరాజు 1820లో నాలుగవ జార్జిగా సింహాసనం ఎక్కగానే పేరుకు ముందు ‘రాయల్’ చేరింది. 1833లో నాలుగవ విలియం ఇప్పటి పేరు పెట్టాడు.

ఆ కోట దగ్గర నిలబడి జెండాలు చూస్తుంటే విరాటపర్వం జ్ఞాపకం రాక మానదు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు కౌరవ వీరులను ఉత్తరుడికి గుర్తుపట్టించింది జెండాలను బట్టే కదా! బంగారు వేదిక ఉన్నది ద్రోణుడిది, సింహపు తోక ఉన్నది అశ్వత్థామది, పాము దుర్యోధనుడిది, తాడిచెట్టు భీష్ముడిది. ముఖాలు కనబడనంత దూరాన జెండాయే మనిషికి పేరు. సముద్రం మీదా అంతే.

ఈ క్లబ్బు పడవకు రెండు గుర్తులు. కొయ్య కొసన ఎగిరే చిన్న ముక్కోణపు జెండా మొదటిది. దానిని బర్జీ అంటారు. తెల్లని గుడ్డ మీద ఎర్రని సెయింట్ జార్జి శిలువ, నడుమ బంగారు కిరీటం. అది క్లబ్బు గుర్తు. రెండవది పడవ వెనుక భాగాన ఎగిరే పెద్ద జెండా, వైట్ ఎన్సైన్. తెల్ల జెండా అంటే మనకు సంధి జెండా. ఇది అది కాదు. ఎర్ర శిలువా, పైమూల యూనియన్ జాకూ ఉన్న ఈ జెండా సాక్షాత్తూ బ్రిటిష్ యుద్ధనౌకలది. వర్తక నౌకలకు ఎర్ర జెండా, ప్రభుత్వ సేవలోని నౌకలకు నీలి జెండా. తెల్లది మాత్రం నౌకాదళానికే. అటువంటి దానిని ఎగరేసే హక్కును 1829లో నౌకాదళ శాఖ ఈ క్లబ్బుకు ఇచ్చింది. అయినా సభ్యుడైనంత మాత్రాన చాలదు. ఏ పడవకు ఆ పడవకు అనుమతి పత్రం ఉండాలి. హక్కు లేకుండా ఎగరేస్తే చట్టరీత్యా నేరం.

ఒక గుడ్డముక్కకు ఇంత పట్టుదల ఏమిటా అనిపిస్తుంది. మన ఇళ్ళలో అందరూ ఎరిగిన టీ పొట్లం మీది పేరు లిప్టన్. గ్లాస్గోలో చిన్న కొట్టుతో మొదలుపెట్టి కోటీశ్వరుడైన ఈ సర్ థామస్ లిప్టన్‌కు పడవ పందేలంటే ప్రాణం. 1851 ఆగస్టు 22న ఈ క్లబ్బు వారే వైట్ ద్వీపం చుట్టూ పెట్టిన పందెంలో ‘అమెరికా’ అనే పడవ గెలిచి, వెండి కప్పును సముద్రం దాటించింది. దానిని తిరిగి తేవాలని లిప్టన్ 1899 నుంచి 1930 వరకు అయిదుసార్లు పోటీపడి, అయిదుసార్లూ ఓడిపోయాడు. ఏడవ ఎడ్వర్డు అంతటివాడు ఆయనకు స్నేహితుడు. అయినా ఆయన పందేలాడింది అల్‌స్టర్ క్లబ్బు జెండా కింద. కౌస్ కోట తలుపు తెరుచుకున్నది 1931లో; ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. కొట్టు నడిపినవాడని చేర్చుకోలేదని లోకం చెప్పుకుంటుంది. ఇక ఆ కప్పు 1983 దాకా అమెరికాలోనే ఉండిపోయింది.

ఆ శిలువతో మనకూ సంబంధం ఉంది. 1950లో మన నౌకాదళ జెండాలో యూనియన్ జాక్ స్థానంలో మువ్వన్నెల జెండా వచ్చింది గాని, శిలువ అలాగే ఉండిపోయింది. 2001లో తీశారు, 2004లో మళ్ళీ పెట్టారు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ జలసేవలో చేరిన నాడు దానిని తొలగించి, శివాజీ ముద్రను తలపించే అష్టకోణ చిహ్నం ఉంచారు. విశాఖ రేవులో మన పిల్లలు నేడు చూసేది ఆ కొత్త జెండానే. ఒకరికి మర్యాద అయిన గుర్తు మరొకరికి పాత దాస్యపు గుర్తు కావచ్చు.

ఆగస్టులో కౌస్ వారోత్సవం జరుగుతుంది. 1826లో మొదలైన పందేలివి. కోట ముందు వరుసగా ఇత్తడి ఫిరంగులు పేలుతాయి. కాని పందెగాళ్ళు చెవులను నమ్మరు. ఫిరంగి పేలకపోయినా లెక్క జెండాదే అని నియమం. చూడబోయేవారు నది దాటి తూర్పు గట్టున విక్టోరియా రాణి నివసించిన ఆస్బర్న్ సౌధం కూడా చూడాలి. అక్కడి దర్బారు గదిలో లాహోరు శిల్పి భాయ్ రామ్ సింగ్ పనితనం కళ్ళు చెదరగొడుతుంది.

కోటలోపలికి మాత్రం సభ్యులకూ వారి అతిథులకే ప్రవేశం. అందుకు విచారించనక్కరలేదు. జెండాలు ఎగిరేది ఆరుబయటనే. గట్టున నడిచే ఎవరికైనా కనబడతాయి. టిక్కెట్టు లేదు.