పడ్డవాళ్లను మూల కూసోబెట్టకండి

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలు ఉంటే ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

చాళ్లో పెద్దవాళ్లు ఎక్కడ పడతారో మనకు ఒకరు చెప్పక్కరలేదు. నడుమ అరిగిపోయిన చెక్క మెట్ల మీద, నీళ్లొచ్చే వేళ తడిసిన ఫర్షీ మీద, మోరీ గట్టు దాటేటప్పుడు, రాత్రి గ్యాలరీ చివర సండాసుకు పోయేటప్పుడు. పడ్డాక మాత్రం అన్ని ఇండ్లల్లో ఒకటే మాట: "ఇగ నువ్వు లేవకు, కూసో. ఏం కావాల్నన్నా మేం తెచ్చిస్తం." ప్రేమతో అనే మాటే. కానీ కదలని కాలు కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది. మళ్లీ పడతామన్న భయం పెరుగుతుంది, ఆ భయంతో నడక ఇంకా తగ్గుతుంది. రెండోసారి పడేందుకు దారి అక్కడే పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పడటం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు, వాళ్లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ.

మేము సంఘం తరఫున నలుగురం కలిసి గ్యాలరీలో కసరత్తు మొదలుపెడతామంటే ముందు నవ్వారు. నవ్వరా మరి! నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ బొంబాయికి రాళ్లు మోసిన కామాఠీల మనవలు వీళ్లు. మిల్లులో సాంచెల ముందు పాళీ పొడుగునా నిలబడ్డ పద్మశాలీలు. 1982 సమ్మె నాటికి పాతికేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై కొచ్చారు. "నా కాళ్లకు నువ్వు నేర్పుతవారా?" అన్నాడు ఒక కాక. ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడమన్నాం. మూడు దగ్గరే గోడ పట్టుకున్నాడు. మర్నాడు అందరికంటే ముందు వచ్చింది ఆయనే.

రోజూ నాకా దాకా నడుస్తున్నాం కదా అంటారు చాలామంది. నడక మంచిదే, మానొద్దు. కానీ పడకుండా కాపాడేది ముఖ్యంగా తూకం నిలిపే సాధన, దానికి తోడు కాళ్ల బలం. 2019లో కోక్రేన్ సంస్థ వందకు పైగా పరిశోధనలను కలిపి చూస్తే, కసరత్తు చేసేవాళ్లలో పడటం దాదాపు 23 శాతం తగ్గింది. న్యూజిలాండ్‌లో ఒటాగో పద్ధతి అని ఒకటుంది, ఇంట్లోనే వారానికి మూడుసార్లు అరగంట చేసేది. దానికి జిమ్ము అక్కరలేదు, పట్టుకోవడానికి గట్టిదేదైనా ఒకటుంటే చాలు.

మొదటి రోజు మేము చేసింది కసరత్తు కాదు, కఠడా ఊపి చూడటం. రెండుచోట్ల కదిలింది, అక్కడ ఎవరినీ నిలబెట్టలేదు. నీళ్ల వేళ అయిపోయి, ఫర్షీ ఆరాక మొదలుపెడతాం. మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడటం పదిసార్లు. స్టూలు మీంచి చేతులు ఊతం లేకుండా లేచి, మెల్లగా కూర్చోవడం. కఠడా పట్టుకొని పక్కకు అడుగులు. తర్వాత ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి, తాడు మీద నడిచినట్టు. ముందు రెండు చేతులతో పట్టు, కొన్ని వారాలకు ఒక చెయ్యి, ఆ తర్వాత రెండు వేళ్లు. కష్టం కొంచెం కొంచెం పెంచకపోతే లాభం లేదు, అందుకే వెనక ఒక మనిషి తప్పకుండా నిలబడాలి. ఆ పని కోడళ్లకే వదలకండి, కొడుకులు కూడా రావచ్చు.

ఎముక విరిగినవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు ఒప్పుకున్నాకే రావాలి. లేవగానే కళ్లు తిరిగేవాళ్లు బీపీ గోలీలు, నిద్ర గోలీల సంగతి డాక్టరుకు చెప్పండి. అడుగు అరిగిన హవాయి చెప్పులు పారేయండి.

ఇంకో సంగతి. 2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్ల 556 కుటుంబాలకు టవర్లలో కొత్త ఇండ్ల తాళంచెవులు ఇచ్చారు. రేపు కామాఠిపురా వంతూ రావచ్చు. ఇంట్లోనే సండాసు ఉండటం ఎంత సుఖమో ఆడవాళ్లనడగండి, మేము దానికి వంక పెట్టడం లేదు. కానీ లిఫ్టు వచ్చాక మెట్లు పోతాయి, గ్యాలరీ పోతుంది, ఎదురింటి పెద్దమ్మ తలుపు మూసుకుంటుంది. సొసైటీ మీటింగులో పార్కింగు గురించి అడిగినట్టే, పెద్దవాళ్లు పట్టుకొని నిలబడే కడ్డీ ఉన్న ఒక వరండా కూడా అడగండి. నక్షా మీద ఉండగానే అడగాలి.

మా గ్యాలరీకి సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున రండి. స్టూలు ఎవరిది వాళ్లే తెచ్చుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది.