విహారయాత్రకు ఎక్కడికి వెళ్దాం?



విహారయాత్ర అంటే ఇష్టం లేనివాళ్లు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. మన గోదావరి సీమలో చూడదగ్గ చోట్లకు కరువు లేదు. కొండలున్నాయి, నది ఉంది, సముద్రం ఉంది, పాత గుళ్లున్నాయి, పాత వంతెనలున్నాయి. కరువల్లా మనకున్న రోజులకే. ఒక్క బస్సు, ఒక్క రోజు. తెల్లవారుజామున బయల్దేరి రాత్రి భోజనం వేళకు తిరిగి రావాలని వార్డెన్ గారు చెప్పారు. ఎవరికి ఎక్కడికి వెళ్లాలని ఉందో చీటీ మీద రాసి శనివారం లోపల లీడర్‌కి ఇమ్మన్నారు. చీటీ రాసే ముందు అందరం కాస్త ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

స్టడీ అవర్ అయ్యాక గదిగదికీ వెళ్లి అడిగి చూశాను. ఎక్కువమంది విశాఖపట్నం అన్నారు. అక్కడ సముద్రం ఉంది, జూ ఉంది, ఒడ్డున పెట్టిన జలాంతర్గామి ఉంది. కొందరు అంతర్వేది అన్నారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. కొందరు అన్నవరం, కొందరు కడియం పూలతోటలు అన్నారు. ఒక తమ్ముడైతే పంచారామాల్లో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, పాత ఉభయ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి కాబట్టి నాలుగూ ఒకే రోజు చుట్టేసి రావచ్చు అన్నాడు.

అన్నీ మంచి చోట్లే. ఏదీ చెడ్డదని నేను అనను. కానీ లెక్క వేసి చూడండి. విశాఖపట్నం రానూపోనూ సుమారు 400 కిలోమీటర్లు. పది గంటలు బస్సులోనే గడిచిపోతాయి. నాలుగు గుళ్లు ఒకే రోజంటే ఒక్కొక్క గుడి దగ్గర చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కునేసరికి టైం అయిపోతుంది. అప్పుడు మనం చూసేది ఊళ్లను కాదు, బస్సు కిటికీని.

ఇంకో లెక్క ఉంది. అది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది గానీ చెప్పాలి. కిందటిసారి దూరం వెళ్లాం కాబట్టి డీజిల్‌కి తలా ఇంత అని వేసుకున్నాం. ఆ రోజు ఆరుగురు రాలేదు. కడుపునొప్పి అన్నారు. ఆరుగురికీ ఒకే రోజు కడుపునొప్పి ఎందుకొచ్చిందో మనందరికీ తెలుసు. బస్సు కదిలేటప్పుడు వాళ్లు వరండాలో నిలబడి చెయ్యి ఊపారు. ఎంత గొప్ప చోటైనా సరే, సగం దారి నుంచీ నాకు అదే గుర్తుకొచ్చింది.

పాపికొండలు వెళ్దామని కూడా కొందరు అన్నారు. దాని గురించి నేను కొంచెం చెప్పగలను, ఎందుకంటే మాది గోదారి ఒడ్డు ఊరు. మేం కొండరెడ్లం. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించారు. ఆ ఏడే మేం ఊరు ఖాళీ చేసి పునరావాస కాలనీకి వచ్చేశాం. నా చిన్నప్పుడు మా రేవులో టూరిస్టుల లాంచీ ఆగేది. పట్నం వాళ్లు దిగి, మా తాత చేసిన వెదురు బొమ్మలు కొనేవాళ్లు, ఫోటోలు తీసుకునేవాళ్లు. "ఎంత బాగుంది మీ ఊరు!" అనేవాళ్లు. అరగంట కాగానే లాంచీ కూత వేసేది, వెళ్లిపోయేవాళ్లు. మంచివాళ్లే, మాకు బిస్కెట్లు కూడా ఇచ్చేవాళ్లు. కానీ మా తాత ఒక మాట అనేవాడు: "ఊరు బాగుందన్నారు గానీ, ఊరి పేరేంటని ఒక్కరూ అడగలేదురా."

ఆ మాట నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. దూరపు కొండలు నునుపు అంటారు కదా. వాళ్లకు మన కొండలు నునుపు, మనకు వాళ్ల పట్నాలు నునుపు. దగ్గరికి వెళ్లి, ఆగి, అడిగితేనే గరుకు తెలుస్తుంది. అందుకని నేననేదేమంటే, మన ఊరికి వచ్చేవాళ్లు ఎలా రావాలని మనం కోరుకుంటామో, మనం కూడా ఇంకొకరి ఊరికి అలాగే వెళ్లాలి. తక్కువ చోట్లు, ఎక్కువసేపు.

నా చీటీలో ధవళేశ్వరం, రాజమండ్రి అని రాస్తాను. రానూపోనూ 120 కిలోమీటర్లు దాటదు. ఖర్చు మూడో వంతుకు తగ్గుతుంది.

ధవళేశ్వరం ఎందుకంటే, మన కొండల మధ్య నుంచి పోయే గోదారి ఆ తరవాత ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. అక్కడే నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్నదే కోనసీమ. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు 1847లో అక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కి పూర్తయింది. దగ్గరలోని కొండ రాయినే కొట్టి వాడారు. ఇప్పుడున్న బ్యారేజీ దాని బదులు కట్టినది, 1982లో పూర్తయింది. మధ్యలో లంకలు ఉండడం వల్ల అది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. దాని కాలవల కింద సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. మన మెస్సులో తినే అన్నం కూడా ఆ నీళ్లదే కావచ్చు. కాటన్ మ్యూజియం కూడా అక్కడే ఉంది.

ఆ బ్యారేజీకి నలభై కిలోమీటర్ల పైచిలుకు ఎగువన పోలవరం. ఒక కట్ట వల్ల వాళ్ల పొలాలకు నీళ్లొచ్చాయి. ఇంకో కట్ట వల్ల మా ఊరు లేచిపోయింది. నది ఒకటే. నాకు కోపంతో వెళ్లాలని లేదు. ఆ కాలవ గట్టు మీద రైతు ఎవరైనా కనబడితే మీ ఊరి పేరేంటని అడగాలని ఉంది. ఆయన అడిగితే మా ఊరి పేరు చెప్పాలని ఉంది.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఉంది. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం ఆయన జరిపించింది ఆ ఊళ్లోనే. ఊరు ఊరంతా కాదన్న పని ఒక బడిపంతులు ఎలా చెయ్యగలిగాడో ఆ ఇంట్లో నిలబడి సోషల్ మాస్టారిని అడుగుదాం. దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీ ఉంది. ఆయన 28 ఏళ్లు నిండకుండానే 1925లో చనిపోయారు. మనలో బొమ్మలు వేసేవాళ్లు అవి తప్పక చూడాలి. సాయంత్రం గోదావరి గట్టున కూర్చుంటే వంతెనలు కనబడతాయి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు నడవడం లేదు. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద పైన బస్సు, కింద రైలు పోతాయి. రైలు ఎక్కనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కనీసం దగ్గరగా చూస్తారు.

రెండో చోటు కూడా ఒకటి చెబుతాను. రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లింది. ఆ దళంలో నడిచినవాళ్లు మన కొండల వాళ్లే. "మా వైపుదే కదా, అందులో చూసేదేముంది?" అన్నాడు ఆ ప్రాంతం మిత్రుడు. అదే నేను చెప్పేది. దగ్గరిది కాబట్టి ఎవరూ చీటీలో రాయరు. వచ్చే టర్ములో ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్లమని వార్డెన్ గారిని అందరి తరపునా కోరుతున్నాను.

చివరిగా మూడు మాటలు. బయల్దేరే ముందు ఒక్కొక్కరం మూడు ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుందాం. వెళ్లిన చోట కనీసం ఒక మనిషితో పేరు అడిగి మాట్లాడదాం. వచ్చాక తలా ఒక పేజీ ఈ గోడపత్రికకు ఇద్దాం. వచ్చే సంచికలో రెండు చార్టులు అందుకోసం ఖాళీగా ఉంచుతామని ఎడిటర్ గారు ఒప్పుకున్నారు.

మీకు నచ్చిన చోటే రాయండి, నా మాట వినాలని లేదు. కానీ ఏ ఊరు రాసినా దాని కింద 'అందరం' అని కూడా రాయండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి