వేల్స్ కొండల్లో పోనీ వెంట

కార్డిఫ్ నుంచి ఉత్తరంగా పోయే ఎ470 రోడ్డు పాంటిప్రిడ్, మెర్థర్ టిడ్‌విల్ దాటాక కొండల్లోకి ఎక్కుతుంది. ఒకప్పుడు ఈ లోయల నిండా బొగ్గు గనులే. భూమి లోపల బొగ్గు తొట్లు లాగింది పోనీలనే పొట్టి గుర్రాలే. గనులు మూతబడ్డాయి గానీ, కొండవాలుల మీద గొర్రెల మధ్య పోనీల మందలు ఇప్పటికీ మేస్తున్నాయి. కుడివైపు 886 మీటర్ల ఎత్తున్న పెన్ ఎ వాన్ శిఖరం సగం మబ్బులో ఉంది.

మా బండి వెనక ట్రైలర్‌లో ఒక వెల్ష్ మౌంటెన్ పోనీ నిలబడి ఉంది. అందుకే మెల్లగా పోతున్నాం. మలుపులో బ్రేకు గట్టిగా పడితే లోపలున్నది తూలిపోతుంది. బండి నడుపుతున్న పెద్దావిడ కేర్‌ఫిలీ దగ్గర రైతు. పోనీ ఆవిడదే. వెనక సీట్లో పదమూడేళ్ల మా అక్క కూతురు, పక్కన గుంటూరు నుంచి వచ్చిన పిన్నిని నేను. బిల్త్ వెల్స్ దాపున ఒక పల్లెలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో మా పిల్ల మొదటిసారి ‘ఇన్-హ్యాండ్’ పోటీకి దిగబోతోంది.

ఈ పోటీలో జీను ఉండదు, స్వారీ ఉండదు. కళ్ళెం పట్టుకుని పక్కన నడిపించడమే. జాతి లక్షణం, ఒంటి తీరు, కాళ్ల పొందిక, నడక, నెమ్మదితనం ఇవన్నీ జడ్జి చూస్తాడు. ఒంగోలు ఎద్దును ప్రదర్శనకు తోలుకెళ్లే ముందు మా తాతయ్య చెరువులో దాన్ని గంటలకొద్దీ తోమడం చూస్తూ పెరిగినదాన్ని కనక, ఈ హడావుడి నాకు పరాయిదిగా తోచలేదు.

వెల్ష్ పోనీల వంశావళి రాసిపెట్టే సంఘం 1901లోనే ఏర్పడింది. ఎత్తును బట్టీ, కట్టును బట్టీ ఎ, బి, సి, డి అని నాలుగు విభాగాలు చేశారు. మాది సెక్షన్ ఎ. పన్నెండు హ్యాండ్లకు మించకూడదు. హ్యాండ్ అంటే నాలుగంగుళాలు, కనక భుజాల దగ్గర ఎత్తు నాలుగడుగులు దాటకూడదు. అంత చిన్న ఒంట్లోనే వెడల్పాటి నుదురు, పెద్ద కళ్లు, బుల్లి చెవులు, రాళ్ల మీద తడబడని కాళ్లు. 1894లో పుట్టిన డయోల్ స్టార్‌లైట్ అనే బూడిదరంగు మగ పోనీని ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. మాదీ బూడిదరంగుదే, కాకపోతే ఆడది. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండే ఈ బూడిదరంగు పోనీలు ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి.

తెల్ల పోనీ అంటే చాకిరీ. ముందురోజు మధ్యాహ్నమంతా స్నానమే. పడుకున్న చోట పచ్చి పేడ అంటి వెనక్కాళ్ల కీళ్ల మీద ఆకుపచ్చ మరకలు పడ్డాయి. ఊదారంగు షాంపూ స్పాంజితో పట్టించి, కాసేపు నాననిచ్చి, మళ్లీ మళ్లీ కడిగితే గానీ పసుపు ఛాయ పోలేదు. తోకను ఏకంగా బకెట్లోకి దించి ఉతికింది మా పిల్ల. “పిన్నీ, తోక పట్టుకోవా! వెనక నిలబడకు, పక్కకి రా” అంది. నురగ కళ్లలో పడకుండా మొహాన్ని తడిగుడ్డతో మాత్రమే తుడిచింది. తర్వాత పలచటి నూలు దుప్పటి కప్పి, కొత్త గడ్డి పరిచిన లాయంలో కట్టేశారు.

జూలు మాత్రం జడలు అల్లలేదు. వేరే తరగతుల్లో వరసగా చిన్న జడలు వేసి ముడులు కుడతారు గానీ, ఈ దేశవాళీ కొండ పోనీలను జూలు విరబోసే చూపిస్తారు. చాలా మంచి పద్ధతి. గాలికీ వానకీ పెరిగిన జంతువును అలాగే చూడాలి.

ఒంటికి మెరుగు పెట్టడం ఒక రోజు పని. నిలబడటం నేర్పడానికి మాత్రం వసంతకాలమంతా పట్టిందట. జడ్జి ఎదుట నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించేలా నిలబడాలి, ఒక కాలి చాటున మరొకటి దాగకూడదు. బడి నుంచి రాగానే పొలానికి వెళ్లి, పోనీని ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి జరిపి, కుదురుగా నిలిస్తే మెడ నిమిరి ఆపేసేదట. రోజూ కాసేపే, అది విసుగెత్తకముందే. పగ్గం పట్టి ఈడ్చకూడదు, పోనీ భుజం పక్కన తన భుజం ఉండేలా నడవాలి. తిప్పేటప్పుడు తనకు దూరంగా, కుడివైపుకే తిప్పాలి, లేకపోతే గిట్ట పాదం మీద పడుతుంది. “ఆగమ్మా” అంటే ఆ పోనీ ఠక్కున ఆగుతుంది. ఆ మాట మా అక్క నోటి నుంచి పిల్లకు, పిల్ల నుంచి దానికి వచ్చింది.

పెద్దావిడ ఒక విషయంలో చాలా పట్టుదలగా ఉంది. ప్రదర్శన కోసం కొందరు పోనీలను బాగా మేపి గుండ్రంగా చేస్తారు. కొండల్లో చాలీచాలని మేతకు అలవాటుపడ్డ ఈ జాతికి పచ్చగడ్డిలోని చక్కెరే ఎక్కువై లామినైటిస్ అనే గిట్టల జబ్బు వస్తుంది. నిలబడలేనంత నొప్పి అది. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, చేతికి తగలాలి. అదే ఆవిడ లెక్క. బహుమతి కోసం మూగజీవికి జబ్బు తెచ్చిపెట్టే పెంపకం పెంపకమే కాదని నాకూ అనిపించింది.

బ్రెకన్ దాటి, వై నది పక్కగా సాగి, తొమ్మిది కొట్టేసరికి మైదానం చేరాం. పోనీ పాస్‌పోర్టు పెద్దావిడ సంచిలోనే ఉంది. ఇక్కడ ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలని చట్టం. తోకకు చుట్టిన పట్టీ విప్పారు, గిట్టలకు నూనె రాశారు, ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ బేబీ ఆయిల్ పూశారు. మా పిల్ల ట్వీడ్ కోటు, టై, చేతులకు గ్లవ్స్ వేసుకుని, కుడి ఎడమ తెలియనంత కంగారులో ఉంది. “పోనీని కాసేపు ఊరికే నడిపించు” అంది పెద్దావిడ. నడిపించేసరికి ఇద్దరూ నెమ్మదించారు.

రింగులో అందరూ కుడిచేతి వాటంగా తిరిగారు. నడిపించేవాళ్లు బయటివైపు, పోనీలు లోపలివైపు, జడ్జి మధ్యలో. ఒక్కొక్కరినే పిలిచి, నిలబెట్టి చూసి, నడిపించి, మెల్లగా పరిగెత్తించి చూశాడు. మా పోనీ పరుగులో ఒకసారి పక్కకు బెదిరింది, నిలబడ్డప్పుడు మాత్రం చెవి కూడా కదపలేదు. మూడో స్థానం. ఇక్కడ మొదటిదానికి ఎర్ర రోజెట్ (రిబ్బను పువ్వు), రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు. పోనీ బాగా నిలబడిందని జడ్జి చెప్పినప్పుడు మా పిల్ల మొహం చూడాలి!

వేల్స్ వచ్చే మనవాళ్లు కార్డిఫ్ కోట చూసి తిరిగి వెళ్లిపోతుంటారు. జూలైలో వస్తే బిల్త్ వెల్స్ పక్కనే లానెల్‌వెద్‌లో రాయల్ వెల్ష్ షో చూడండి. 1904లో మొదలైన ఆ ప్రదర్శన 1963 నుంచి అక్కడే జరుగుతోంది. ఆగస్టులో అయితే ఏదో ఒక పల్లె ప్రదర్శనకు పొద్దున్నే వెళ్లండి. రింగు కంటే ముందు ట్రైలర్లు నిలిపే చోటుకు నడవండి. బకెట్లు, బ్రష్షులతో పిల్లలు పోనీలను తయారుచేస్తూ ఉంటారు. ఏది అడిగినా ఓపిగ్గా చెబుతారు. పోనీని ముట్టుకునే ముందు మాత్రం వాళ్లను అడగండి.