పిల్లిని వెడలగొట్టిన పేలు పోవునా?

ఇంట కుక్కనుగాని పిల్లినిగాని పెంచుకొను సోదరీమణులు ఒకరితో నొకరు మనసు విప్పి చెప్పుకొనని సంగతి యొకటి కలదు. అది కుక్కపేలను గూర్చినది. బిడ్డ తలలో పేలు పడినవన్న నెట్లు సిగ్గుపడుదుమో, ఇంటిలో నీ యెగిరెడు పురుగులు చేరినవన్నను అట్లే సిగ్గుపడుదుము. ఇల్లాలి శుభ్రతకే లోపము వచ్చినట్లు తలంతుము. నిజమునకు అద్దమువలె తుడిచిన ఇంటికిని ఇవి వచ్చును. వీధిలో తిరిగి వచ్చిన పిల్లి వీపుపై నాలుగు వచ్చిన చాలును. సిగ్గుచే దాచిన కొలది అవి పెరుగును. తుదకు దాని ఫలము నోరులేని జంతువు అనుభవించును.

మా యింట గత వర్షకాలమున ఇట్లే జరుగనుండెను. మా చిన్నవాని చీలమండల చుట్టును ఎఱ్ఱని దద్దురులు రెండు మూడు చొప్పున వరుసగా లేచినవి. మోకాలికి పైన ఒక్కటియు లేదు. అత్తగారు చూచి, “రేపే ఆ పిల్లిని సంచిలో వేసి సంత దగ్గర విడిచి రండి” అనిరి. అది పిల్లిపై కోపమున నన్నమాట కాదు. మనుమనిమీది ప్రేమచే నన్నమాట. కాని ఆ పిల్లి ఏడేండ్లుగా మా యింట నున్నది. నేను, “అత్తయ్యగారూ, పిల్లి పోయినంతమాత్రమున పేలు పోవు. నాకు మూడు నెలలు గడువిండు. అప్పటికిని బిడ్డను కుట్టినచో మీ మాటయే కానిండు” అని బతిమాలితిని. వారు కొంతసే పూరకుండి, సరేయనిరి.

ఆ గడువును నేను ఊరక అడుగలేదు. ఈ పురుగు బ్రతుకుతీరు తెలిసిన దాని కారణము తెలియును. ఇది గోమారి కాదు. గోమారి చర్మమును కఱచిపట్టి కదలక యుండును. ఇది రెక్కలు లేనిదయ్యును దూకును. నువ్వుగింజకంటె చిన్నది, ప్రక్కలనుండి నొక్కినట్లు పలుచనై యుండుటచే బొచ్చులో సులువుగ దూరిపోవును. ఆడుది రక్తము త్రాగిన ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పెట్టసాగి, దినమునకు 40 మొదలు 50 వఱకును పెట్టగలదు. ఆ గ్రుడ్లు బొచ్చు నంటియుండక, జంతువు పండుకొను చోటులనెల్ల రాలును. వాని నుండి వెడలిన పిల్లపురుగులు వెలుతురు గిట్టక చాపల క్రిందను, నేల పగుళ్లలోను, సోఫా మడతలలోను దాగి, పెద్ద పురుగులు విసర్జించిన ఎండురక్తమును తిని పెరుగును. పిమ్మట చిన్న పట్టుగూడు కట్టుకొని, దానికి దుమ్ము నంటించుకొని కూర్చుండును. ఆ గూటిలో కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, ఆహారము లేకయే వేచియుండగలదు. అడుగుల అదురును, ఒంటి వేడియు, ఊపిరియు సోకినప్పుడు వెలికి వచ్చును. చాలదినములు తాళము వేసిన ఇంటికి తిరిగి రాగానే పురుగులు కాళ్లమీదికి ఒక్కుమ్మడి లేచుట ఇందువలననే.

కనుక జంతువుమీద కనబడునవి కొన్ని. ఇంట కనబడక యున్నవి అనేకములు. పిల్లిని వెడలగొట్టితిమా, ఆ దాగినవి బయటికి వచ్చినపుడు మనలనే వెదకికొనును.

మేము మొదట జంతువుల సంగతి చూచితిమి. పేనుదువ్వెనతో దువ్వి, రాలినదానిని తడిసిన తెల్లగుడ్డపై నుంచితిని. నల్లని రవ్వలు కరగి ఎఱ్ఱనైనవి. అది మట్టి కాదు, రక్తమే. పశువైద్యుడు కుక్కను పిల్లిని వేఱువేఱుగా తూచి, మెడవెనుక చర్మముపై వేయు చుక్కమందును దేనిది దానికి నిచ్చెను. నెల కొకసారి రెండింటికిని వేసితిమి. ఒకదానిని విడిచిన, అదియే రెండవదానికి పురుగుల నిచ్చుచుండును.

తరువాత ఇల్లు. మంచముల క్రిందను, మూలలను ప్రతిదినము ఊడ్చి, ఆ దుమ్మును సంచిలో మూటగట్టి వెంటనే బయట పాఱవేసితిమి. వాక్యూము యంత్ర మున్నవారికి ఈ పని మఱింత సులువు. పిల్లి పడుకొను బొంతను, మా దుప్పట్లను వారమున కొకసారి వేడినీట నుదికి ఎండ వేసితిమి. పిల్లపురుగులు ఎండకును పొడికిని తాళలేవు. రాత్రులందు చిన్న దీపము క్రింద పళ్లెములో సబ్బునీరు పోసి యుంచితిమి. వెలుతురునకు దూకినవి అందులో పడెను. దానితో పురుగు లన్నియు పోవు. కాని తగ్గుచున్నవో లేదో తెలియును.

ఒక్క హెచ్చరిక. కుక్కల కమ్మెడు కొన్ని మందులలో పెర్మెత్రిన్ ఉండును. అది పిల్లికి ప్రాణాంతకము. కిరసనాయిలు, ఫినాయిలు, కర్పూరము, కలరా ఉండలు, పొలమునకు చల్లు మందులు—ఇవి యేవియు జంతువుల ఒంటికి తగులరాదు. పిల్లి తన ఒంటిని తానే నాకికొనును. ఒంటిమీద పూసినది కడుపులోనికే పోవును.

1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ప్లేగు ఎలుకలమీది ఇట్టి పురుగులవలన వ్యాపించునని ప్రయోగము చేసి చూపెను. ఆ పురుగులది వేఱు జాతి; మన యింటి కుక్కపేలను జూచి ప్లేగని బెదరవలదు. అట్లని ఉపేక్షింపను రాదు. ఇవి విపరీతముగ పట్టిన పసిపిల్లి కూనలు రక్తము తగ్గి చచ్చుటయు కలదు. వీనిని మ్రింగుటవలన కుక్కలకు పిల్లులకు, ఒక్కొక్కప్పుడు చంటిబిడ్డలకును, కడుపులో బద్దెపురుగు చేరును.

మొదటి నెల గడచినను పళ్లెములో పురుగులు పడుచునే యుండెను. అత్తగారు నావంక చూచిరేకాని మాటాడరైరి. అవి ఇదివఱకే గూళ్లలో నున్నవి. బయటికి వచ్చి మందంటిన బొచ్చును చేరినగాని చావవు. రెండవ నెలలో ఒకటి రెండు కనబడెను. మూడవ నెలలో వరుసగా పదునైదు రాత్రులు పళ్లెము తేటగా నుండెను. బిడ్డ కాళ్లు చక్కబడెను. ఆ పళ్లెమును ఉదయమున చూచుపని అప్పటికే అత్తగారు తమదిగా చేసికొనిరి.

సోదరీమణులారా, చాలమంది మొదటి నెలలోనే విసిగి, మందు పనిచేయలేదని జంతువును వీధిపాలు చేయుదురు. గెలుపు మూడవ నెలలో నున్నది. అంతవఱకు చీపురును, వేడినీటిని, ఎండను విడువకుడు. మన చేతి అన్నము తిని మనలను నమ్మిన ప్రాణికి ఆమాత్రపు గడువు నిచ్చుట ధర్మము.